చేపల పులుసుకు వంక పెట్టలేను

రావులపాలెం దాటి అమలాపురం వైపు పోయే దారిలో, కొబ్బరి తోటల మధ్య రోడ్డును ఆనుకొని ఉన్న ఒక భోజన హోటల్లో 2025 శ్రావణం నుంచి మార్గశిరం లోపల నేను మూడుసార్లు తిన్నాను. దాని పేరు ఇక్కడ రాయడం లేదు. రాస్తే తప్పంతా ఆ యజమానిదే అన్నట్టు చదువుతారు. నేను చెప్పబోయే మాటల్లో సగం మా బల్ల దగ్గర పుట్టినవే, మిగతా సగం అలాంటి బల్లల దగ్గర రోజూ పుడుతున్నవే.

ముందు తిండి సంగతి చెప్పాలి, ఎందుకంటే అది నిజంగా బాగుంటుంది. వెడల్పాటి అరటాకు వేసి, ముద్దపప్పు, నెయ్యి, ఆవకాయతో మొదలుపెడతారు. పండుగప్ప పులుసును మట్టిదాకలో కట్టెల పొయ్యి మీద తెల్లవారుజామునే కాచి దించేస్తారు కనుక, మధ్యాహ్నానికి ముక్క పులుపును పీల్చుకొని, విరగకుండానే మెత్తబడి ఉంటుంది. చింతపండు రసం ఆకు మీద పలచగా పరుగెత్తదు, అన్నాన్ని పట్టుకొని నిలబడుతుంది. అందులో వేసిన బెండకాయలకు జిగురు తెలియదు. రొయ్యల వేపుడులో మాత్రం మసాలా ఎక్కువ, రొయ్య తక్కువ. పెరుగు గడ్డపెరుగే. శాకాహార భోజనం 150 రూపాయలు, పండుగప్ప ముక్క 220. ఆదివారం ఒంటిగంట దాటి వెళ్తే పండుగప్ప అయిపోయిందంటారు, ఆశ పెట్టుకోవద్దు. బల్లలు శుభ్రంగా ఉంటాయి, చేతులు కడుక్కునే చోట సబ్బు కూడా ఉంటుంది. ఆడవాళ్ల మరుగుదొడ్డి తలుపుకు లోపలి గడియ లేదు. తలుపు బయట ఎవరో ఒక మగమనిషి బిత్తరచూపులు చూస్తూ కాపలా నిలబడటం గమనించి అడిగితే ఆ సంగతి తెలిసింది. మూడుసార్లూ ఆ తలుపు అలాగే ఉంది.

గోదావరికి ఎర్రనీరు వచ్చే రోజుల్లో ఇక్కడ పులస కూడా దొరుకుతుంది. సముద్రంలో ఉన్నంతకాలం ఇలస అనిపించుకొనే చేప, గుడ్లు పెట్టడానికి వరదకు ఎదురీది నదిలోకి వచ్చాక పులస అవుతుంది; ధవళేశ్వరం ఆనకట్ట దాటి పైకి పోలేదు కనుక ఆ రుచి ఈ డెల్టా వాళ్ల సొంతమని మనకు గర్వం. బయటి రాష్ట్రాల నుంచి ఐసులో వచ్చిన ఇలసనే పులస అని చెప్పి అమ్మేవాళ్లు చాలామంది ఉన్నారు. ఈ హోటలాయన ఆ పని చేయడు, లేనిరోజు లేదనే చెబుతాడు. కాని క్యాష్ కౌంటరు పక్కన మనిషెత్తు ఫ్లెక్సీ కట్టి, వెండిలా మెరిసే చేప బొమ్మ కింద 'పుస్తెలు అమ్మైనా పులస తినాలి' అని ఎర్రటి అక్షరాలతో రాయించాడు. బుద్ధి తెలిసిన నాటి నుంచీ వింటున్న సామెతే, నేనూ పదిసార్లు వాడి ఉంటాను. శ్రావణంలో మొదటిసారి వెళ్లినప్పుడు పక్క బల్ల దగ్గర భర్తతో వచ్చిన ఒకావిడ ఆ ఫ్లెక్సీని పైనుంచి కిందిదాకా చదివి, అన్నం కలుపుకుంటూ, 'ఎవరి పుస్తెలంటండీ?' అంది. భర్త వినపడనట్టు ఇంకాస్త పప్పు అడిగాడు. ఆ సామెతలో తినే నోరు ఒకరిది, మెడ ఇంకొకరిదన్న సంగతి 52 ఏళ్ల వయసులో నాకు అప్పుడు తట్టింది.

అదే కౌంటరు వెనక, లక్ష్మీదేవి పటం పక్కన, డొక్కా సీతమ్మ గారి పటానికి దండ వేసి ఉంటుంది. లంకల గన్నవరంలో వేళాపాళా చూడకుండా వచ్చినవాళ్లందరికీ అన్నం పెట్టి 1909లో కన్నుమూసిన ఆమె మా ప్రాంతానికి దేవతతో సమానం, పి.గన్నవరం దగ్గర వైనతేయ మీది అక్విడక్టుకు ఆమె పేరే పెట్టారు, 2024 నుంచి రాష్ట్రంలో బడిపిల్లల మధ్యాహ్న భోజనానికీ ఆమె పేరే. భోజన హోటల్లో ఆమె పటం లేకపోతేనే ఆశ్చర్యపోవాలి. అన్నం పెట్టే చేయి పటంలో ఉంటే దండ వేస్తాం. అదే చేయి బకెట్టు పట్టుకొని బల్ల దగ్గరికి వచ్చినప్పుడు మేమేమన్నామో ఇప్పుడు చెప్పాలి.

అప్పట్లో వడ్డన చేసేది నలుగురు ఆడవాళ్లు. నీళ్లు పోయడానికి మాత్రం ఒక కుర్రాడు ఉండేవాడు. మేమూ నలుగురమే: మా అక్క భర్త అయిన బావగారు, ఆయన స్నేహితులు ఇద్దరు, నేను. ఒక పొలం రిజిస్ట్రేషన్ పని మీద అమలాపురం వెళ్లి వస్తున్నాం. ముప్పయ్యయిదేళ్లు ఉంటాయేమో, ఒకామె పులుసు బకెట్టుతో వచ్చింది. బావగారు ఆకు మీద చేయి అడ్డం పెట్టి, 'ఏం మరదలా, తలకాయ ముక్క దాచుకొని బావకి తోకే వేస్తావా?' అన్నారు. స్నేహితులిద్దరూ పకపకా నవ్వారు. నేను ఊరుకున్నానని రాసి, ఆ మాట కొట్టేశాను, ఎందుకంటే అది నిజం కాదు. నేనూ పళ్లు కనబడేటట్టు నవ్వాను. ఆమె గరిటె ఆకు మీద ఒక్క క్షణం ఆగింది. తరువాత ముక్క వేసింది, పులుసు పోసింది, ఒక్క చుక్క ఆకు దాటకుండా. అక్కడి నుంచి మజ్జిగ దాకా మా బల్ల దగ్గరికి ఆమె రాలేదు, నీళ్ల కుర్రాడే అన్నీ తెచ్చాడు. బిల్లు కడుతుంటే యజమాని 'బావగారు సరదా మనిషండి' అని నవ్వాడు. అంటే, ఆ మాట కౌంటరు దాకా వినబడిందన్నమాట.

మరదలు అన్న మాటలో ఏముందో తెలుగువాళ్లకు విడమరచి చెప్పనక్కరలేదు. బావామరదళ్ల సరసానికి ఇంట్లో ఒక హద్దు ఉంది, తిరిగి నాలుగు అంటించే హక్కు మరదలికీ ఉంది. ఊరూ పేరూ తెలియని మనిషిని, జీతానికి వచ్చిన మనిషిని ఆ వరసతో పిలవడమంటే, ఆమెతో సరసమాడే హక్కును ఎవరినీ అడగకుండా తన పేరున రాయించుకోవడమే. అదీ తెల్లచొక్కా వేసుకొని, నలుగురిలో, పట్టపగలు.

ఇలాంటివి ఎవరైనా కాదంటే మా వైపు సిద్ధంగా ఒక జవాబు ఉంటుంది: 'ఎటకారమండీ, గోదారోళ్లం కదండీ, ఆయ్.' వెటకారాన్ని మేము వారసత్వపు ఆస్తిలా చూసుకుంటాం, అందులో నాకేమీ అభ్యంతరం లేదు. కాని వెటకారం ఇద్దరు ఆడే ఆట. ఒకరు విసిరితే రెండోవారు దానికి రెట్టింపు విసరాలి, ఎవరిది పైచేయి అయిందో చుట్టూ ఉన్నవాళ్లు చూడాలి. మా బావగారిని సంతలో చేపలమ్మే ముసలమ్మ నలుగురిలో దులిపేస్తే, ఆ మాటలన్నీ ఇంటికొచ్చి ఆయనే పొల్లుపోకుండా చెప్పి నవ్వించిన రోజులున్నాయి. ఈమెకు చేతిలో వేడి పులుసు, వీపు మీద యజమాని చూపు, నెలాఖరున రావలసిన జీతం ఉన్నాయి. తిరిగి అనడానికి వీలులేని మనిషి మీద విసిరినదానికి వెటకారమని పేరు పెడితే ఆ విద్యకే అవమానం. పక్క బల్ల ఆవిడ పుస్తెల గురించి అడిగిన ఆ ఒక్క ముక్క అసలు సిసలు గోదావరి వెటకారం. దానికి ఆ హాల్లో ఒక్కరూ నవ్వలేదు.

నేనెందుకు నవ్వానన్నది తరువాత చాలా రోజులు నన్ను వదలలేదు. బావగారు వయసులో పెద్ద, అక్క భర్త, నా పెళ్లి ముందుండి జరిపించిన మనిషి. నలుగురిలో ఆయన మాట తీసెయ్యడం మా ఇంటా వంటా లేదు. ఇవన్నీ నిజమే, కాని నవ్వడానికి ఇవి సరిపోవు. ఇవి మహా అయితే తల దించుకోవడానికి సరిపోతాయి. నాకు తట్టినది ఇంకొకటి. ఆయన ఆ మాట ఆమె కోసం అనలేదు, మా ముగ్గురి కోసం అన్నారు. ఒంటరిగా వచ్చి తినే మగవాళ్లను ఆ హోటల్లో గమనించాను: ఒకరు ఫోను చూసుకుంటూ, ఒకరు పేపరు చదువుకుంటూ, కావలసింది అడిగి, తిని, లేచిపోతారు. ముగ్గురో నలుగురో కలిసి కూర్చున్న బల్లల దగ్గరే గొంతు పెరుగుతుంది, అక్కడే మరదళ్లు పుడతారు. మా నవ్వే ఆ మాటకు కూలి. ఆమె ముఖం చిట్లిస్తే 'అబ్బో, కోపం చూడు' అని ఇంకో నవ్వు పుడుతుంది కాబట్టి ఆమె చేతిలో దాన్ని ఆపే కీలకం లేదు. ఉంటే గింటే పక్క కుర్చీలో ఉన్న మగవాడి చేతిలో ఉంది.

ఈ లెక్క కార్తీకమాసంలో ఒక ఆదివారం పరీక్షకు వచ్చింది. అయినవిల్లి వినాయకుడిని చూసి వస్తూ అదే నలుగురం అక్కడే దిగాం. నెల పట్టాం కనుక చేప లేదు. కంద బచ్చలి కూరకు ఆవ పట్టించిన తీరు, ఉసిరికాయ పచ్చడిలో మెంతి చేదు తెలిసీ తెలియకుండా ఉండటం చూస్తే, ఈ హోటల్ చేప లేకపోయినా బతకగలదనిపించింది. కూర తెచ్చినది ఆమే. బావగారు ఆమెను గుర్తుపట్టి, 'మరదలా, నెలంతా బావని ఇలా పస్తు పెట్టడమేనా?' అన్నారు. నేను, 'బావగారూ, ఆవిణ్ణి వడ్డించుకోనివ్వండి' అన్నాను. గంభీరంగా అనాలనుకున్నాను గాని, గొంతులో పీచు అడ్డం పడ్డట్టు వచ్చింది. బావగారు నా వైపు ఎగాదిగా చూసి, 'ఓహో, వీరేశలింగం గారు మన కారులోనే వచ్చారని తెలియదర్రా!' అన్నారు. 1881లో రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించి, ఊరంతా వెలివేస్తామన్నా వెనక్కి తగ్గని మనిషి పేరు, కూర వడ్డించనివ్వమన్న పాపానికి నా మీద వెక్కిరింతగా వచ్చి పడింది. మాట బాగుందని ఒప్పుకోక తప్పదు. నాకు జవాబు తోచలేదు.

కాని ఆ స్నేహితుల్లో రైసుమిల్లాయన నవ్వలేదు. ఎందుకో ఇప్పటికీ తెలియదు, ఆయన మామూలుగా మాట్లాడే మనిషి కూడా కాదు. కందముక్క విరుచుకుంటూ అలాగే కూర్చున్నాడు. రెండో ఆయన నవ్వడం మొదలుపెట్టి, ఈయన వైపు చూసి, మధ్యలో ఆపుకొని గ్లాసు అందుకున్నాడు. ఆ మాట ఎవరూ ఎత్తుకోకుండా బల్ల మీద అలాగే పడి ఉంది. ఆమె కూర వేసి వెళ్లిపోయింది, ఈసారి దప్పళం కూడా తనే తెచ్చింది. రావులపాలెం దాకా కారులో బావగారు అద్దం దించుకొని బయటికే చూస్తూ కూర్చున్నారు.

బయలుదేరే ముందు చేతులు కడుక్కునే చోట ఆమె ఖాళీ బకెట్లు దించుతూ కనబడితే, క్షమాపణ లాంటిదేదో చెప్పబోయాను. 'మీరన్నది విన్నానండి,' అంది తల ఎత్తకుండా. 'మంచిదేనండి. రేపు ఇంకొకాయన వత్తారు, ఎల్లుండి ఇంకొకాయన వత్తారు, మీరు రోజూ ఉండరు కదండి. పొద్దున్న బస్సెక్కితే ఫ్రీ బ్యాచి వచ్చిందిరా అని ఒకడంటాడు, ఇక్కడికొస్తే మరదలా అంటారు. బస్సులోనూ నలభై మంది ఉంటారండి.' 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితమైంది. టికెట్టు కొని నిలబడవలసి వచ్చిన మగవాళ్లలో కొందరి అక్కసు అలా బయటపడుతుందన్నమాట. నన్ను పట్టుకొన్నది ఆ నలభై అన్న అంకె. ఆమె అన్నవాడిని లెక్కపెట్టలేదు, విని ఊరుకున్నవాళ్లను లెక్కపెట్టింది.

ఆ ఊపులో బిల్లు కట్టేటప్పుడు యజమానితో మాట్లాడాను. మర్యాద తెలిసిన మనిషే. 'కస్టమరు దేవుడండి, మనం ఎలా అంటాం?' అన్నాడు. ఆయన వెనక గోడ మీద ఉన్నవి ఒక్కొక్కటీ చదివి వినిపించాను: అప్పు రేపు, మద్యం సేవించి లోపలికి రారాదు, ఆకులో చేయి కడగరాదు, బయటి తినుబండారాలు తేరాదు. దేవుడికి ఇన్ని ఆంక్షలు పెట్టిన మనిషికి ఇంకొకటి పెట్టడం కష్టమేమీ కాదు. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను నిరోధించే చట్టం 2013లోనే వచ్చిందనీ, తోటి సిబ్బంది నుంచే కాక ఆ చోటికి వచ్చీపోయే బయటివాళ్ల నుంచి కూడా రక్షణ కల్పించడం యజమాని విధి అని అందులో ఉందనీ, పదిమంది గాని అంతకు మించి గాని పనిచేస్తుంటే అంతర్గత కమిటీ వేయాలనీ, అంతకంటే తక్కువమంది ఉన్నచోట జిల్లాలో ఉండే స్థానిక కమిటీకి ఫిర్యాదు ఇవ్వవచ్చనీ చెప్పాను. లోపలా బయటా కలిపి ఆయన దగ్గర 14 మంది ఉన్నారట. కమిటీ అనేసరికి పంచాయతీ ఎన్నికలు వచ్చినట్టు ముఖం పెట్టాడు. కాసేపు ఆలోచించి, 'వడ్డించేవారు మీ అక్కచెల్లెళ్ల వంటివారు' అని ఒక బోర్డు రాయిస్తానన్నాడు. అదీ వద్దన్నాను. మరదలి వరస తీసేసి చెల్లెలి వరస పెట్టడం దేనికి? వరస లేకపోతే మర్యాద లేదా? వడ్డించే మనిషి వడ్డించే మనిషిగానే ఉంటే మనకు అన్నం అరగదా? ఆయన 'ఏదోటి చేస్తానులెండి' అన్నాడు.

చేశాడు. మార్గశిరంలో బావగారే 'పులుసు తిని చాలా రోజులైంది, దిగుదాం' అంటే మూడోసారి వెళ్లాం. నలుగురు ఆడవాళ్లనూ వంటగదిలోకి పంపేసి వడ్డనకు మగపిల్లలను పెట్టాడు. 'ఇప్పుడు ఏ గొడవా లేదండి, మీరు చెప్పిందే చేశాను' అని నా చేయి పట్టుకొని మరీ చెప్పాడు. వంటగది గుమ్మం దగ్గర ఆమె ఉల్లిపాయలు ఒలుస్తోంది. పలకరిస్తే తెలిసింది: వడ్డనలో ఉండగా రోజుకు నూరు, నూటయాభై టిప్పు వచ్చేదట, ఇప్పుడు అది ఆ కుర్రాళ్లకు పోతోంది. 'నన్ను లోపలికి పంపమని నేనడగలేదండి. ఎవరైనా అలా అన్నప్పుడు ఓనరుగారు కౌంటరు మీంచి, బాబూ అలా అనకండి అని ఒక్క మాట అంటే చాలనుకున్నానండి,' అంది. ఆ ఒక్క మాట కార్తీకంలోనే ఆమెను అడిగి ఉంటే నాకు తెలిసేది. ఆమె ఏం కోరుకుంటుందో కనుక్కోకుండా ఆమె తరఫున చట్టాలు చదివాను; అదీ మగవాళ్ల అలవాట్లలో ఒకటేనేమో. అన్నవాళ్లమేమో ముందు గదిలో ఫ్యాను కింద మామూలుగా కూర్చొని తింటున్నాం, విన్న మనిషి పొయ్యి సెగలోకి పోయింది, నూటయాభై రూపాయల నష్టంతో.

ఆమె చెప్పినదంతా యజమానికి చెప్పి, వాళ్లను వాళ్ల పనిలో తిరిగి పెట్టమన్నాను. సంక్రాంతి వెళ్లాక చూద్దామన్నాడు. మరుగుదొడ్డి గడియ సంగతి కూడా గుర్తుచేశాను, దానికి మాత్రం వెంటనే ఒప్పుకున్నాడు.

ఇక చుక్కల లెక్క. రుచికి అయిదుకు నాలుగున్నర ఇస్తాను, ఆ వంట చేసే చేతులకు ఇంకా ఇవ్వవచ్చు. ధరకు నాలుగు. వడ్డనకు మొదటి రెండుసార్లూ నాలుగే గాని, ఇప్పుడు రెండు. కుర్రాళ్లకు దాక అడుగు నుంచి గరిటె ఆడించడం తెలియదు, ముక్క విరిచి పోస్తున్నారు. మొత్తం మీద మూడు. తగ్గించిన రెండింటిలో ఒకటి యజమానిది, ఒకటి మా బల్లది.

ఆ రోజు బావగారి ఆకులోనూ పండుగప్ప మూడు ముక్కలై పడింది. దాన్ని కాసేపు చూసి, 'ఆవిడ వేసినట్టు వీడికి రాదోయ్' అన్నారు. 'ఆ మాట నేను చెబితే ఇలాగైంది, మీరు చెప్పి చూడండి' అన్నాను. జవాబివ్వలేదు. మజ్జిగ పోయించుకొని, తిని, ఎప్పుడూ లేనిది ఈసారి బిల్లు తానే కడతానని కౌంటరు దగ్గరికి వెళ్లి, యజమాని వైపు వంగి ఏదో అన్నారు. ఆదివారపు సందడిలో అదేమిటో నాకు వినబడలేదు.